నీరసానికి సీసా మందా?

(నెల్లూరు జిల్లా తీర గ్రామాల మహిళా సంఘాల కార్యకర్తల కోసం జరిగిన శిక్షణ తరగతిలో చేసిన ప్రసంగ పాఠం)



ఈ తరగతుల్లో నాకిచ్చిన అంశం స్త్రీల ఆరోగ్య హక్కు. అది మన ఎదురుగా ఉన్న సముద్రమంత అంశం. ఉన్న గంటలో అన్నిటినీ తడిమి వదిలేయడం కన్నా, ఒక్క వస్తువును పట్టుకుని దాని వెనక ఉన్నదంతా చూడటం మేలనిపించింది. ఆ వస్తువు సెలైన్ బాటిల్. మన ఊళ్ళలో దాన్ని గ్లూకోజ్ అంటారు, సీసా అంటారు. జబ్బేమీ లేకపోయినా 'నీరసంగా ఉంది, ఒక సీసా ఎక్కించుకుంటే బలమొస్తుంది' అనడం మామూలు మాటైపోయింది.

నేను చాలా ఏళ్ళు ప్రభుత్వాసుపత్రుల్లో నర్సుగా పనిచేశాను. ప్రాణం పోయే స్థితిలో వచ్చిన మనుషులు ఇదే సీసాతో లేచి కూర్చోవడం కళ్ళారా చూశాను. కాబట్టి సీసా చెడ్డదని చెప్పడానికి రాలేదు. అవసరం లేని మనిషికి అది ఎందుకు ఎక్కుతోంది, అవసరమైన మనిషికి ఎందుకు అందడం లేదు, ఈ రెంటికీ మధ్య మన డబ్బు, మన ఒళ్ళు ఏమవుతున్నాయి అని అడగడానికి వచ్చాను.

ఎవరు ఎక్కించుకుంటున్నారు?

అల్లూరు, విడవలూరు, ఇందుకూరుపేట, తోటపల్లి గూడూరు, ముత్తుకూరు వైపు ఏ ఊరికి వెళ్ళినా ఆర్.ఎం.పి. గదిలో ఒక బల్ల, గోడకు ఒక మేకు, ఆ మేకుకు వేలాడే సీసా కనిపిస్తాయి. ఆ బల్ల మీద పడుకున్న మనిషి ఎక్కువసార్లు ఆడమనిషే. నాట్లకు, కలుపులకు పోయే కూలి మనిషి. రొయ్యల గుంటల దగ్గర మేత మోసే మనిషి. ఉప్పు మడుల్లో పనిచేసే మనిషి. పట్టపుపాలెం నుంచి తట్ట నెత్తిన పెట్టుకుని ఊరూరా చేపలమ్మే మనిషి. రొయ్యల ప్రాసెసింగ్ ప్లాంట్లలో చలిలో గంటల తరబడి నిలబడి పనిచేసే అమ్మాయి. కాన్పయి నెల తిరక్కుండానే పనికెక్కిన బాలింత.

వీళ్ళెవరూ తెలివితక్కువ వాళ్ళు కాదు. 'ఊళ్ళో వాళ్ళకు చైతన్యం లేదు, అందుకే సీసాలు పెట్టించుకుంటున్నారు' అని మన కార్యకర్తలే కొందరు అంటుంటే విన్నాను. ఆ మాట మానుకుందాం. పొద్దున నాలుగింటికి లేచి, నీళ్ళు మోసి, వంట చేసి, పిల్లల్ని బడికి పంపి, ఆటో ఎక్కి పనికి పోయి, తిరిగొచ్చి మళ్ళీ పొయ్యి ముట్టించే మనిషికి కళ్ళు తిరుగుతున్నాయంటే, ఆ మనిషి చెప్పేది అబద్ధం కాదు. నీరసం నిజం. దానికి చూపిస్తున్న మందు మాత్రమే నిజం కాదు.

సీసాలో ఏముంది?

మాయ ఏమీ లేదు. రెండు రకాలే ఎక్కువగా వాడతారు.

ఒకటి సెలైన్, అంటే ఉప్పు నీళ్ళు. నూటికి 0.9 వంతు ఉప్పు. అర లీటరు సీసాలో నాలుగున్నర గ్రాముల ఉప్పుంటుంది. అందులో శక్తినిచ్చేది ఏమీ లేదు, సున్న.

రెండోది డెక్స్‌ట్రోజ్, అంటే చక్కెర నీళ్ళు. నూటికి అయిదు వంతుల గ్లూకోజ్. అర లీటరు సీసాలో ఇరవై అయిదు గ్రాములు. మన చెంచాతో కొలిస్తే అయిదు చెంచాల చక్కెర. దాని నుంచి వచ్చే శక్తి వంద కేలరీలకు లోపే. ఒక అరటిపండు తింటే అంత వస్తుంది. రెండు ముద్దల సంగటి తింటే అంతకన్నా ఎక్కువే వస్తుంది.

ఆ సీసాలోకి పసుపు రంగు మందు ఒకటి ఎక్కిస్తారు. అది బి-కాంప్లెక్స్ విటమిన్. సీసా నీళ్ళు పసుపుపచ్చగా మారగానే 'ఇప్పుడు బలం మందు కలిపారు' అని మనకు నమ్మకం కలుగుతుంది. బి విటమిన్ల లోపం ఉన్నవాళ్ళకు అది అవసరమే, అయితే చాలామందికి మాత్ర చాలు. లోపం లేనివాళ్ళలో, ఎక్కువైనదాన్ని శరీరం ఉంచుకోదు, మూత్రంలో వదిలేస్తుంది. మర్నాడు పచ్చగా పోయేది ఆ డబ్బే.

ఇంకొన్ని చోట్ల ఇంకో పని జరుగుతుంది. నొప్పి తగ్గించే డైక్లోఫెనాక్, డెక్సామెథజోన్ అనే స్టెరాయిడ్ కూడా ఇస్తారు. ఇవి ఇచ్చినప్పుడు ఒళ్ళు నొప్పులు చప్పున తగ్గుతాయి, హుషారు వస్తుంది. అది సీసా మహిమ అనుకుంటాం. కానీ స్టెరాయిడ్ మాటిమాటికీ పడితే రక్తంలో చక్కెర పెరుగుతుంది, ఎముకలు గుల్లబారుతాయి, రోగాన్ని ఎదుర్కొనే శక్తి తగ్గుతుంది. నొప్పి సూదులు మాటిమాటికీ పడితే మూత్రపిండాలు దెబ్బతింటాయి. ఎండలో నీళ్ళు లేక ఎండిపోయిన ఒంటికి ఆ దెబ్బ ఇంకా త్వరగా తగులుతుంది.

మరి బలం వచ్చినట్టు ఎందుకనిపిస్తుంది?

ఇది మీరు ఊళ్ళో ఎదుర్కోబోయే మొదటి ప్రశ్న. 'నువ్వెన్నయినా చెప్పక్కా, ఎక్కించుకుంటే నాకు బాగుంది' అంటారు. బాగుండటం నిజమే. కారణాలు చూద్దాం.

మొదటిది, నీళ్ళు. రోజంతా దాహంతో పనిచేసిన మనిషి ఒంట్లోకి అర లీటరు నీళ్ళు పోతే తేలికపడుతుంది. నోటితో తాగినా అంతే తేలికపడుతుంది, కాస్త ఆలస్యంగా.

రెండోది, నమ్మకం. దీన్ని తక్కువ చేసి చూడకండి. అమెరికాలో ఒళ్ళంతా నొప్పులతో బాధపడే 34 మంది మీద ఒక చిన్న అధ్యయనం జరిగింది, దాని ఫలితాలు 2009లో వచ్చాయి. సగం మందికి నరంలోంచి విటమిన్లు, మెగ్నీషియం కలిపిన మందు ఇచ్చారు. మిగతా సగానికి అవేమీ లేని మామూలు ద్రావణం ఇచ్చారు. ఎవరికి ఏది ఇచ్చారో వాళ్ళకు తెలియదు. చివరికి రెండు గుంపుల వాళ్ళూ బాగుందన్నారు. రెంటి మధ్య చెప్పుకోదగ్గ తేడా తేలలేదు.

మూడోది అన్నిటికన్నా ముఖ్యం. దాన్ని నాకు ఒక చేపలమ్మే ఆమె ఒక్క మాటలో చెప్పింది: "సీసా ఎక్కేంతసేపైనా నన్నెవురూ లెయ్యమనరక్కా."

ఈ మాట మీద ఒక తరగతి మొత్తం నడపవచ్చు. ఆడమనిషి ఊరికే పడుకుంటే అత్త ఏమంటుంది? మొగుడేమంటాడు? ఒళ్ళు బరువంటారు, వేషాలంటారు. చేతికి సూది గుచ్చి పైన సీసా వేలాడుతుంటే మాత్రం అది జబ్బు. మొగుడే బండి మీద ఎక్కించుకుని తీసుకుపోతాడు. కూతురు వంట చేస్తుంది. పక్కింటామె పలకరించి పోతుంది. మన సమాజంలో ఆడదాని అలసటకు గుర్తింపు లేదు, జబ్బుకు మాత్రం కాస్త ఉంది. అందుకని అలసటను జబ్బుగా మార్చి చూపిస్తే తప్ప ఆమెకు గంటసేపు పడుకునే హక్కు దొరకడం లేదు. నాలుగైదు వందలిచ్చి ఆమె కొనుక్కుంటున్నది ఉప్పు నీళ్ళను కాదు, ఆ గంట విశ్రాంతిని. విశ్రాంతిని డబ్బిచ్చి కొనుక్కోవలసి రావడం ఆరోగ్య సమస్యా, హక్కుల సమస్యా అని ఆలోచించండి.

నీరసం ఎక్కడి నుంచి వస్తోంది?

జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే 2019-21లో జరిగింది. మన రాష్ట్రంలో 15 నుంచి 49 ఏళ్ళ లోపు స్త్రీలలో 58.8 శాతం మందికి రక్తహీనత ఉందని అది చెప్పింది. అంతకు ముందు 2015-16 సర్వేలోనూ దాదాపు ఇంతే. అంటే ఈ గదిలో పది మందిలో ఇంచుమించు ఆరుగురికి.

రక్తహీనతకు ఉప్పు నీళ్ళు మందు కాదు, చక్కెర నీళ్ళు మందు కాదు. రక్తంలో హిమోగ్లోబిన్ తక్కువైనప్పుడు నీళ్ళు ఎక్కిస్తే ఉన్న రక్తం పలచబడుతుందే గానీ పెరగదు. బాగా రక్తం తక్కువై ఆయాసపడుతున్న గర్భిణికి గబగబా సీసా ఎక్కిస్తే గుండె ఆ బరువు మోయలేక ఊపిరితిత్తుల్లోకి నీరు చేరవచ్చు, ప్రాణం మీదికి రావచ్చు. బలం కోసం ఎక్కించిన సీసా ఆమెకు మందు కాదు, గండం.

రక్తహీనతకు మందు ఐరన్, ఫోలిక్ యాసిడ్ మాత్ర. ప్రభుత్వ కార్యక్రమం ప్రకారం గర్భిణికి రోజుకొకటి చొప్పున 180 రోజులు, కాన్పయ్యాక మరో 180 రోజులు ఉచితంగా ఇవ్వాలి. మామూలు స్త్రీలకు వారానికొకటి. ఈ మాత్రలు ఎందుకు మింగడం లేదు? వికారం పుడుతుంది, మలబద్ధకం వస్తుంది, విరేచనం నల్లగా అవుతుంది. అది మామూలేనని ముందే ఎవరూ చెప్పరు, భయపడి పారేస్తారు. రాత్రి అన్నం తిన్నాక వేసుకోవాలని, టీతో వేసుకోకూడదని, నిమ్మకాయ నీళ్ళో ఉసిరికాయో తోడైతే ఐరన్ బాగా పడుతుందని చెప్పడానికి అయిదు నిమిషాలు చాలు. ఆ అయిదు నిమిషాలు మన ఆరోగ్య వ్యవస్థకు దొరకడం లేదు.

నీరసానికి రక్తహీనత ఒక్కటే కారణం కాదు. నెలనెలా అధిక రక్తస్రావం, కొంకి పురుగులు, థైరాయిడ్, చక్కెర జబ్బు, క్షయ, మూత్రనాళ ఇన్ఫెక్షన్లు ఉంటాయి. ఇంట్లో దెబ్బలు తినే మనిషికి, నిద్ర లేని మనిషికి, లోలోపల కుమిలిపోయే మనిషికి కూడా ఒళ్ళు లేవదు. సీసా వీటన్నిటి మీదా ఒకే ముసుగు కప్పుతుంది. రెండు రోజులు బాగున్నట్టుంటుంది. అసలు జబ్బు లోపల పెరుగుతూ ఉంటుంది.

ఇక నీళ్ళ సంగతి. మనది సముద్రపు ఒడ్డు. 1990 ప్రాంతాల నుంచి రొయ్యల గుంటలు వచ్చాయి. గుంటల ఉప్పు వల్ల ఊళ్ళ తాగునీరు, పొలాలు చెడిపోతున్నాయన్న ఫిర్యాదుల మీద విచారణ జరిపి, 1996 డిసెంబరు 11న సుప్రీం కోర్టు తీర ప్రాంత రొయ్యల సాగు మీద తీర్పు ఇచ్చింది. ఆ తర్వాత చట్టాలు మారాయి, సాగు పెరిగింది, చాలా పాలేల ఆడవాళ్ళు ఇప్పటికీ క్యాను నీళ్ళు కొనుక్కుంటున్నారు. కొనుక్కునే నీళ్ళను ఇంట్లో ఎవరు కొలుచుకుని తాగుతారో మీకు నేను చెప్పనక్కర్లేదు.

దానికి తోడు మరుగుదొడ్డి. పొలంలో, గుంట గట్టు మీద, ఉప్పు మడిలో ఆడమనిషి మూత్రానికి పోవడానికి చోటు లేదు. అందుకని నీళ్ళే తాగదు. ప్లాంట్లలో చోటున్నా మాటిమాటికీ పోతే అడుగుతారని అమ్మాయిలు చెప్తారు. వాళ్ళూ తాగరు. తాగకపోతే కళ్ళు తిరుగుతాయి, మూత్రంలో మంట పుడుతుంది, సాయంత్రం సీసా ఎక్కుతుంది. 2015 మే నెలలో వడగాలులకు ఒక్క ఆంధ్రప్రదేశ్‌లోనే 1,300 మందికి పైగా చనిపోయారు. పని స్థలంలో నీడ, మంచినీళ్ళు, మరుగుదొడ్డి అడగడమంటే ప్రాణాలు అడగడమే.

సీసా అవసరమైన చోటు

పొరపాటు అర్థం చేసుకోకండి. ఆగకుండా వాంతులు, విరేచనాలై నోట్లో చుక్క నిలవనప్పుడు, వడదెబ్బకు స్పృహ తప్పినప్పుడు, కాన్పులో రక్తం పోతున్నప్పుడు, ఆపరేషన్ సమయంలో, డెంగీ ముదిరినప్పుడు సీసా ప్రాణం నిలబెడుతుంది. అప్పుడు ఒక్క నిమిషం ఆలస్యం చేయకూడదు, ఆసుపత్రికే పోవాలి. గర్భిణికి మాత్రలు పడకపోయినా, నెలలు నిండుతున్నా ఐరన్ సుక్రోజ్ అనే మందును డాక్టరు సమక్షంలో నరం ద్వారా ఇస్తారు. అది కూడా సీసాలోనే ఎక్కుతుంది. కానీ ముందు రక్తపరీక్ష, తర్వాత లెక్క, పక్కనే మనిషి, అన్నీ ఉంటాయి.

నోటితో తాగగలిగిన మనిషికి మాత్రం నోరే మంచి దారి. దీనికి మన దేశపు చరిత్రే సాక్ష్యం. 1971లో బంగ్లాదేశ్ యుద్ధకాలంలో బెంగాల్‌లోని బన్‌గావ్ శరణార్థి శిబిరంలో కలరా వచ్చింది. ఎక్కించడానికి సెలైన్ సరిపోలేదు. దిలీప్ మహలనబీస్ అనే డాక్టరు ఉప్పు, గ్లూకోజ్, సోడా కలిపిన నీళ్ళను డ్రమ్ముల్లో పోయించి, రోగుల తాలూకు వాళ్ళ చేతే తాగించారు. నూటికి ముప్ఫై దాకా ఉన్న చావులు నాలుగు లోపుకు దిగాయి. ఈ రోజు అంగన్‌వాడీలో మీరిచ్చే ఓ.ఆర్.ఎస్. పొట్లం వెనక ఆ కథ ఉంది. పొట్లం లేకపోతే లీటరు మంచినీళ్ళలో ఆరు చెంచాల చక్కెర, అర చెంచా ఉప్పు, రెండూ తలకొట్టి వేసి కలుపుకోవచ్చు. ఎండలో పనిచేసేవాళ్ళకు గంజి, ఉప్పేసిన మజ్జిగ, నిమ్మకాయ నీళ్ళు మన అమ్మమ్మలిచ్చిన మందులే.

అవసరం లేని సీసా మాత్రం ఊరికే పోదు. గుండె జబ్బు, మూత్రపిండాల జబ్బు, రక్తపోటు ఉన్నవాళ్ళకు నీరు ఎక్కువై ఆయాసం వస్తుంది. చక్కెర జబ్బున్న సంగతే తెలియని మనిషికి చక్కెర నీళ్ళు ఎక్కుతాయి. నరం వాచిపోతుంది, చీము పడుతుంది. ఎక్కుతుండగానే చలి, వణుకు వస్తాయి. విటమిన్ సూది పడక ఉన్నట్టుండి బీపీ పడిపోవడం అరుదే, కానీ జరుగుతుంది. అప్పుడు ఆ గదిలో ఆక్సిజన్ ఉండదు.

సూదితో వచ్చే జబ్బులు ఇంకో కథ. 2002-04లో మన దేశంలో జరిగిన ఒక పెద్ద పరిశీలనలో 60 శాతానికి పైగా ఇంజక్షన్లు సురక్షితం కాని పద్ధతిలో ఇస్తున్నారని తేలింది. 2009లో గుజరాత్‌లోని మొడాసాలో వాడిన సూదులే మళ్ళీ వాడటం వల్ల హెపటైటిస్-బి వ్యాపించి పదుల మంది చనిపోయారు. కంబోడియాలో రోకా అనే చోట 2014లో రెండు వందల మందికి పైగా హెచ్.ఐ.వి. సోకినట్టు బయటపడింది. సూదులు మళ్ళీ మళ్ళీ వాడిన లైసెన్సు లేని వైద్యుడికి 2015లో పాతికేళ్ళ శిక్ష వేశారు. ఆ ఊళ్ళోవాళ్ళకు అతను మంచి డాక్టరు, పిలిస్తే ఇంటికొచ్చే డాక్టరు.

పట్నంలో అదే సీసా

ఇది పల్లెటూరి అజ్ఞానం అనుకునేవాళ్ళ కోసం రెండు మాటలు. ఇప్పుడు హైదరాబాదు, బెంగళూరు, చెన్నై లాంటి చోట్ల ఏసీ గదుల్లో మెత్తటి కుర్చీల మీద ఇదే సీసా ఎక్కుతోంది. అక్కడ దాని పేరు 'ఐ.వి. డ్రిప్', 'వెల్‌నెస్ థెరపీ'. అలసట పోతుందంటారు, ఒళ్ళు మెరుస్తుందంటారు. ధర వేలల్లో ఉంటుంది. అమెరికాలో మైయర్స్ అనే డాక్టరు విటమిన్లు నరంలోకి ఎక్కించేవాడు. 1984లో ఆయన చనిపోయాక ఆ మిశ్రమం ఆయన పేరుతో వ్యాపారమైంది. ఆరోగ్యంగా ఉన్న మనిషికి దానివల్ల మేలు జరుగుతుందనడానికి గట్టి ఆధారం లేదు. 2018లో అక్కడి ప్రభుత్వ వ్యాపార సంస్థే ఒక డ్రిప్ కంపెనీ మీద, రుజువు లేకుండా జబ్బులు నయమవుతాయని ప్రచారం చేసిందని చర్య తీసుకుంది.

ఇంకొకటి, ఒళ్ళు తెల్లబడటానికి గ్లూటాథయోన్ ఎక్కించడం. దాన్ని తెల్లబడటానికి సూదిగా వాడవద్దని ఫిలిప్పీన్స్ ప్రభుత్వం 2011లోనే హెచ్చరించింది. మన పిల్లలు పెళ్ళిచూపుల ముందు దీని గురించి ఫోనుల్లో చూస్తున్నారు. పల్లెలో ఆడదాని అలసటను అమ్ముకుంటున్నారు, పట్నంలో ఆడదాని రంగును అమ్ముకుంటున్నారు. సీసా ఒకటే.

'డాక్టరు పర్యవేక్షణ' అంటే ఏమిటి?

ఈ వ్యాపారాల బోర్డుల మీద 'అనుభవజ్ఞులైన డాక్టర్ల పర్యవేక్షణలో' అని రాసి ఉంటుంది. బోర్డు మీద పేరుంటే పర్యవేక్షణ కాదు. సూది గుచ్చకముందే అర్హత ఉన్న డాక్టరు మనిషిని చూడాలి. బీపీ చూడాలి, చక్కెర చూడాలి, రక్తం చూడాలి. గర్భమా, గుండె జబ్బా, మందులు పడవా అని అడగాలి. ఏం ఎక్కిస్తున్నారో ఎందుకో కాగితం మీద రాసివ్వాలి. ఎక్కుతున్నంతసేపూ తెలిసిన మనిషి పక్కనుండాలి, తేడా వస్తే వాడే మందులుండాలి. ఇవన్నీ నిజంగా చేస్తే ఒక సంగతి తేలుతుంది. వచ్చిన వాళ్ళలో ఎక్కువ మందికి ఆ సీసా అక్కర్లేదని తేలుతుంది. సరైన పర్యవేక్షణ మొదటి పని 'వద్దు' అని చెప్పడం.

ఒంట్లోకి ఏం పోతోందో తెలుసుకునే హక్కు కోసం మన స్త్రీల ఉద్యమం ఎప్పుడో పోరాడింది. 1985లో హైదరాబాదు దగ్గర పటాన్‌చెరులో నెట్-ఎన్ అనే గర్భనిరోధక ఇంజక్షను ప్రయోగానికి పేద స్త్రీలను పిలిచారు. అది ఇంకా ప్రయోగ దశలో ఉందని వాళ్ళకు సరిగా చెప్పలేదు. స్త్రీశక్తి సంఘటన అక్కడికి వెళ్ళి నిలదీసింది. మరుసటి ఏడు ఢిల్లీ సహేలీ వంటి సంఘాలతో కలిసి సుప్రీం కోర్టుకు వెళ్ళింది. ఆనాడు అడిగిందే ఈనాడు మనం ఊళ్ళో అడగాలి: ఈ సూదిలో ఏముంది, ఎందుకిస్తున్నారు, వద్దంటే ఏమవుతుంది?

చట్టం, ఆర్.ఎం.పి.

చట్టం స్పష్టంగానే ఉంది. అర్హత లేకుండా వైద్యం చేస్తే 2019 జాతీయ వైద్య కమిషన్ చట్టం 34వ సెక్షన్ కింద ఏడాది దాకా జైలు, అయిదు లక్షల దాకా జరిమానా పడవచ్చు. ఒక పద్ధతిలో చదివి ఇంకో పద్ధతి మందులివ్వడం నిర్లక్ష్యమేనని 1996లో పూనం వర్మ కేసులో సుప్రీం కోర్టు చెప్పింది. డబ్బు తీసుకుని చేసే వైద్యం వినియోగదారుల చట్టం కిందికి వస్తుందని 1995లోనే చెప్పింది. ప్రైవేటు ఆసుపత్రుల రిజిస్ట్రేషన్‌కు మన రాష్ట్రంలో 2002 నుంచి చట్టముంది.

అయినా కేవలం దాడులు చేయించి గదులు మూయిస్తే ఏమవుతుంది? రాత్రి పదింటికి బిడ్డకు జ్వరమొస్తే తలుపు తీసేది ఆర్.ఎం.పి. ఒక్కడే. డబ్బు లేకపోతే అప్పు పెట్టుకునేదీ అతనే. ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో డాక్టరు లేని రోజు, పరీక్ష చేసేవాళ్ళు లేని రోజు అతని గది నిండుతుంది. ఆ ఖాళీని ప్రభుత్వం పూరించకుండా అతన్ని ఒక్కణ్ణే దొంగను చేయడం న్యాయం కాదు. అలాగని ఆడవాళ్ళ ఒళ్ళు అతనికి జీవనాధారం కావడమూ న్యాయం కాదు. అతనితో మాట్లాడండి. కొత్త సూది వాడమనండి, నీరసానికి సీసా పెట్టకుండా రక్తపరీక్షకు పంపమనండి.

మనం ఏం చేద్దాం?

లెక్కతో మొదలుపెడదాం. నెలకొక సీసా, మందులతో కలిపి నాలుగు వందలనుకుందాం. ఏడాదికి 4,800 రూపాయలు. గుడ్డు ఏడు రూపాయలనుకున్నా 680కి పైగా గుడ్లు. సంఘంలో ఇరవై మంది ఉంటే ఏడాదికి 96,000 రూపాయలు ఉప్పు నీళ్ళకు పోతున్నాయి.

లెక్క అడగటం ఈ జిల్లా ఆడవాళ్ళకు కొత్త కాదు. రాత్రి బడుల్లో అక్షరాలు నేర్చుకుంటూ, మన కూలి డబ్బు ఎక్కడికి పోతోందని అడిగి, దూబగుంటలో రోశమ్మతో కలిసి సారా కొట్టును మూయించింది ఈ జిల్లా ఆడవాళ్ళే. 1993 అక్టోబరు 1న సారా నిషేధం వచ్చింది, 1995లో సంపూర్ణ నిషేధం వచ్చింది, 1997లో దాన్ని ఎత్తేశారు. ప్రభుత్వాలు వెనక్కి పోవచ్చు. ప్రశ్న అడగటం నేర్చుకున్న మనిషి వెనక్కి పోదు.

నా ప్రతిపాదనలు ఇవి. మీరు చర్చించి చేర్చండి, తీసేయండి.

1. ప్రతి సంఘ సభ్యురాలికీ ఆరు నెలలకొకసారి హిమోగ్లోబిన్ పరీక్ష చేయించాలి. ఫలితాన్ని పొదుపు పుస్తకంలో పొదుపు పక్కనే రాసుకోవాలి. 12 కన్నా తక్కువుంటే, గర్భిణికి 11 కన్నా తక్కువుంటే, మాత్రలు మొదలు కావాలి. మరీ తగ్గితే ఆసుపత్రికి తీసుకుపోయే బాధ్యత సంఘానిది.

2. సీసా పెట్టేముందు నాలుగు ప్రశ్నలు అడగటం అందరికీ నేర్పాలి. నా జబ్బు పేరేమిటి? ఈ సీసాలో ఏమేం కలిపారు? నోటితో తీసుకుంటే సరిపోదా? సూది, గొట్టం నా ముందు విప్పారా?

3. మంచినీళ్ళు, నీడ, మరుగుదొడ్డి అనే మూడింటినీ కూలి బేరంలో భాగం చేయాలి. నాట్ల ముఠా అయినా, రొయ్యల గుంటైనా, ప్లాంటైనా ముందు ఇవి మాట్లాడాకే కూలి మాట్లాడాలి.

4. ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో డాక్టరు ఎన్ని రోజులున్నారు, ఐరన్ మాత్రలు ఎన్ని నెలలు లేవు అని సంఘం రాసిపెట్టుకోవాలి. గ్రామసభలో ఆ కాగితం చదవాలి. సమాచార హక్కు కింద దరఖాస్తు పెట్టాలి.

5. ఇంట్లో విశ్రాంతి గురించి మాట్లాడాలి. ఇది అన్నిటికన్నా కష్టమైనది. మగవాళ్ళను కూడా కూర్చోబెట్టి, ఆడమనిషి అలసిపోయానంటే సూది గుచ్చకుండానే నమ్మాలని, ఆ పూట పొయ్యి వాళ్ళు ముట్టించాలని చెప్పాలి.

రేపు మీరు మీ ఊరికి వెళ్ళాక ఒకామె 'నీరసంగా ఉందక్కా, సీసా పెట్టించుకుంటా' అంటుంది. వద్దని ఒక్క మాట చెప్పి వచ్చేయకండి. ఎప్పుడు తిన్నావు, ఎన్ని నీళ్ళు తాగావు, ముట్టు ఎన్ని రోజులుంటోంది, రాత్రి నిద్రపోయావా, ఇంట్లో ఎవరైనా చెయ్యి చేసుకున్నారా అని పక్కన కూర్చుని అడగండి. రక్తపరీక్షకు తోడు వెళ్ళండి. ఆమెకు రావలసినవి తిండి, నీళ్ళు, వైద్యం, విశ్రాంతి. వాటిని ఇప్పించేదాకా మన పని పూర్తయినట్టు కాదని మనవి చేస్తూ సెలవు తీసుకుంటున్నాను.